జబల్‌పూర్ వానాకాలం, ఊటీ గోడ: స్నూకర్‌కు నియమాలు రాసిన నెవిల్ చాంబర్లేన్ కథ

నెవిల్ చాంబర్లేన్ అనగానే చరిత్ర చదువుకున్నవాళ్లకు మ్యూనిక్ ఒప్పందం, హిట్లర్ ముందు మెత్తబడిన బ్రిటిష్ ప్రధాని గుర్తుకొస్తారు. ఇక్కడ చెప్పుకోబోయేది ఆయన గురించి కాదు. అదే పేరున్న మరో మనిషి ఉన్నారు. ఆయన ప్రధాని కాదు, సైనికాధికారి. జబల్‌పూర్ దండులో ఓ వానాకాలం పొద్దుపోక ఒక ఆటను కల్పించారు. ఊటీలోని క్లబ్బు గోడకు దాని నియమాలు రాసి అంటించారు. ఆ తర్వాత యాభయ్యేళ్లకు పైగా ఆ సంగతి బయట ఎక్కడా చాటుకోలేదు. ఆ ఆట పేరు స్నూకర్.

ఇవాళ చైనాలోనూ, ఇంగ్లండ్‌లోనూ కోట్లమంది టీవీల ముందు కూర్చుని చూసే ఈ ఆట మన దేశంలో పుట్టిందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. అయితే మన దేశంలో పుట్టడం వేరు, మన చేతికి అందడం వేరు. చాంబర్లేన్ జీవితం చదివితే ఆ తేడా తెలుస్తుంది.

సైన్యమే ఇల్లు

నెవిల్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ చాంబర్లేన్ 1856 జనవరి 13న ఇంగ్లండ్‌లో పుట్టారు. ఇంటినిండా సైనికులే. తండ్రి చార్లెస్ ఇండియాలో పనిచేసిన అధికారి. పెదనాన్న సర్ నెవిల్ బౌల్స్ చాంబర్లేన్ 1857 తిరుగుబాటు నాటి యుద్ధాల్లో పేరు తెచ్చుకుని, తర్వాత మద్రాసు సైన్యానికి అధిపతి అయ్యారు. ఈ ఇద్దరు నెవిల్‌లనూ, ప్రధాని అయిన మూడో నెవిల్‌నూ కలిపేసి రాసే పొరపాటు నేటికీ కనిపిస్తుంది.

శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో చదువు ముగించుకుని 1873లో ఆయన డెవన్‌షైర్ రెజిమెంటులో చేరారు. కొద్దికాలానికే ఇండియాకు వచ్చారు. 1875 నాటికి ఆ రెజిమెంటు జబల్‌పూర్‌లో ఉంది. చాంబర్లేన్ వయసు అప్పటికి పంతొమ్మిదేళ్లు.

మధ్య భారతంలో వాన పట్టుకుంటే రోజుల తరబడి వదలదు. కవాతు మైదానాలు బురదమయం. గుర్రపు స్వారీ లేదు, వేట లేదు. అధికారులకు మిగిలింది మెస్‌లోని బిలియర్డ్స్ బల్ల ఒక్కటే.

మూడు ఆటలు కలిసి ఒకటి

ఆ రోజుల్లో ఆ బల్ల మీద ఆడేవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ఇంగ్లిష్ బిలియర్డ్స్. మూడే బంతులు, ఇద్దరే ఆటగాళ్లు, ఓర్పుతో సాగే ఆట. గదినిండా యువ అధికారులు ఉన్నప్పుడు ఇద్దరు ఆడుతుంటే మిగిలినవాళ్లు గోళ్లు గిల్లుకోవాల్సిందే. రెండో రకంలో పదిమందీ కలిసి డబ్బు పెట్టి ఆడే ఆటలు ఉండేవి. వాటిలో పిరమిడ్స్ ఒకటి. 15 ఎర్ర బంతులను త్రికోణంగా పేర్చి, తెల్ల బంతితో కొట్టి జేబుల్లో పడేయాలి. పడిన ప్రతి బంతికీ ఇంత అని లెక్క. లైఫ్ పూల్ మరొకటి. అందులో ఒక్కొక్క ఆటగాడికి ఒక్కో రంగు బంతి. ఎవరి బంతి జేబులో పడితే వాళ్లకు ఒక ప్రాణం పోయినట్టు, జేబులోంచి డబ్బు తీయాల్సిందే. దానికే ఒక నల్ల బంతిని చేర్చి, దాన్ని పడేసినవాడికి అదనపు లాభం ఇచ్చేది బ్లాక్ పూల్.

చాంబర్లేన్ చేసిన పని చెప్పుకుంటే చిన్నదే. పిరమిడ్స్‌లోని 15 ఎర్ర బంతులను అలాగే ఉంచి, బ్లాక్ పూల్‌లోని నల్ల బంతినీ, మరికొన్ని రంగు బంతులనూ వాటి పక్కకు తెచ్చారు. ఒక్కో రంగుకు ఒక్కో విలువ పెట్టారు. ఇవాళ మనం చూసే ఆరు రంగులూ మొదటిరోజే లేవు, కొన్ని తర్వాతి ఏళ్లలో చేరాయి. కానీ ఆట అసలు రహస్యం ఆ కలయికలోనే ఉంది. ఎర్ర బంతులన్నీ సమానం, రంగు బంతులు ఒకదానికంటే ఒకటి విలువైనవి. అందువల్ల ప్రతి దెబ్బకూ ఒక నిర్ణయం అవసరమైంది. సులువైన బంతి కొట్టి తక్కువ తీసుకోవాలా, కష్టమైనదానికి వెళ్లి ఎక్కువ రాబట్టాలా అని ఆలోచించాల్సి వచ్చింది.

పేరు ఎలా వచ్చిందన్నది ఆయనే తర్వాత చెప్పిన సంగతి. వూలిచ్‌లోని సైనిక అకాడమీలో మొదటి ఏడాది కేడెట్లను స్నూకర్లు అని వెక్కిరించేవారు. మన హాస్టళ్లలో జూనియర్లకు పేరు పెట్టినట్టే. అక్కడ చదివివచ్చిన ఓ యువ అధికారి జబల్‌పూర్ మెస్‌లో ఆ మాట చెప్పాడు. ఆ పూటే ఎవరో ఒక ఆటగాడు జేబు అంచున ఉన్న సులువైన బంతిని పోగొట్టుకున్నాడు. చాంబర్లేన్ అతన్ని స్నూకర్ అని పిలిచారు. మాట తగిలినట్టుందని గ్రహించి, ఈ ఆట విషయంలో మనమంతా స్నూకర్లమే కదా అని సర్దిచెప్పారు. అందరూ నవ్వేశారు. వెక్కిరింత ఆటకు పేరై కూర్చుంది.

బల్ల, బంతులు, లెక్క

ఆయన జీవితంలో ముందుకు వెళ్లేముందు ఆ ఆట ఏమిటో ఒకసారి చూద్దాం. ఎందుకంటే దీనికి కావలసిన సామగ్రే దీని సామాజిక చరిత్రను నిర్ణయించింది.

పూర్తి కొలత బల్ల సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. చెక్క చట్రం మీద పలక రాతి దిమ్మెలు పరిచి, పైన ఉన్ని గుడ్డ బిగిస్తారు. అంచులకు రబ్బరు కుషన్లు. నాలుగు మూలలా నాలుగు, పొడవు వైపుల మధ్యలో రెండు, మొత్తం ఆరు జేబులు. బల్ల బరువు టన్నుకు పైగా ఉంటుంది. ఆటగాడి చేతిలో క్యూ కర్ర. దాని పొడవు 3 అడుగులకు తగ్గకూడదు. కర్ర కొనకు తోలు బిళ్ల, అది జారకుండా రుద్దుకోవడానికి చాక్.

బంతులు 22. తెల్లది ఒక్కటే, కర్రతో నేరుగా కొట్టేది దాన్నే. ఎర్రవి 15, ఒక్కొక్కటి ఒక పాయింటు. పసుపుకు 2, ఆకుపచ్చకు 3, గోధుమకు 4, నీలానికి 5, గులాబీకి 6, నలుపుకు 7. ముందు ఒక ఎర్ర బంతిని జేబులో వేయాలి. వేశాక ఏదో ఒక రంగు బంతికి గురిపెట్టే హక్కు వస్తుంది. ఎర్రది జేబులోనే ఉండిపోతుంది, రంగు బంతిని మాత్రం తీసి మళ్లీ దాని చోటులో పెడతారు. ఎర్రవన్నీ అయిపోయాక రంగులను తక్కువ విలువ నుంచి ఎక్కువకు వరసగా పడేయాలి. గురి తప్పితే అవకాశం ఎదుటివారిది. తెల్ల బంతి జేబులో పడినా, కొట్టాల్సింది కాక వేరే బంతిని ముందు తాకినా తప్పే. దానికి కనీసం 4 పాయింట్లు ఎదుటివారికి చేరతాయి. నీలం, గులాబీ, నలుపుల విషయంలో తప్పు జరిగితే వాటి విలువ ప్రకారం 5, 6, 7 దాకా పోతాయి.

ప్రతి ఎర్ర బంతి తర్వాతా నల్లది పడేస్తే 15 సార్లు 8, అంటే 120. చివర్లో ఆరు రంగులకూ కలిపి 27. మొత్తం 147. ఈ అంకె కోసం ఆటగాళ్లు జీవితమంతా కలగంటారు.

కొట్టాల్సిన బంతికీ తెల్ల బంతికీ మధ్య మరో బంతి అడ్డుగా నిలిచి నేరుగా దారి లేకుండా చేస్తే, దాన్నీ స్నూకర్ అనే అంటారు. పాయింట్లు రాబట్టలేని స్థితిలో ఎదుటివాడిని కట్టిపడేయడం కూడా ఇందులో ఒక విద్యే.

గురి చూసి ఆడే మరో ఆట డార్ట్స్‌తో పోల్చి చూస్తే విషయం తేలిపోతుంది. డార్ట్స్‌కు గోడకు ఒక బోర్డు, చేతిలో మూడు బాణాలు, 2.37 మీటర్ల దూరంలో నేల మీద ఒక గీత ఉంటే చాలు. అందుకే అది ఇంగ్లండ్‌లో కార్మికులు సాయంత్రం కలుసుకునే పబ్బుల్లో పెరిగింది. స్నూకర్‌కు పెద్ద గది, టన్ను బరువు బల్ల కావాలి. ఆ రోజుల్లో మేలైన బంతులు ఏనుగు దంతంతో చేసేవారు. ఒక దంతం నుంచి కొన్ని బంతులే వచ్చేవి, అవి కూడా తేమకూ వేడికీ ఆకారం మారేవి. 22 బంతుల జత అంటే మామూలు ఖర్చు కాదు. కాబట్టి ఈ ఆట దండు మెస్‌లోనూ, దొరల క్లబ్బులోనూ, సంస్థానాధీశుల మహళ్లలోనూ తప్ప మరోచోట పుట్టే వీల్లేదు.

కాందహార్ నుంచి ఊటీకి

1876లో చాంబర్లేన్ సెంట్రల్ ఇండియా హార్స్ అనే అశ్విక దళానికి మారారు. రెండో ఆఫ్ఘన్ యుద్ధం మొదలయ్యాక జనరల్ ఫ్రెడరిక్ రాబర్ట్స్ దగ్గర అధికారిగా చేరారు. 1880 ఆగస్టులో రాబర్ట్స్ సేన కాబూల్ నుంచి కాందహార్ దాకా దాదాపు 500 కిలోమీటర్లు మూడు వారాల్లో నడిచింది. సెప్టెంబరు 1న జరిగిన కాందహార్ యుద్ధంలో చాంబర్లేన్‌కు స్వల్ప గాయమైంది. రాబర్ట్స్‌తో ఆయన బంధం మాత్రం అక్కడితో ఆగలేదు. తర్వాత ఇరవయ్యేళ్ల పాటు ఆయన ఎదుగుదలలో రాబర్ట్స్ చెయ్యి కనిపిస్తూనే ఉంటుంది.

1881లో రాబర్ట్స్ మద్రాసు సైన్యానికి అధిపతి అయ్యారు. చాంబర్లేన్ కూడా ఆయన వెంట దక్షిణాదికి వచ్చారు. ఎండాకాలం వస్తే మద్రాసు ప్రభుత్వం నీలగిరులెక్కి ఊటీలో కూర్చునేది. అప్పటి కోస్తా జిల్లాలు, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అంటే తెలుగు జిల్లాల పాలన కూడా ఏడాదిలో కొన్ని నెలలు ఆ కొండ మీద నుంచే సాగేదన్నమాట.

అక్కడి ఊటకమండ్ క్లబ్బులో చాంబర్లేన్ తన ఆటను మళ్లీ బల్ల మీదకు తెచ్చారు. ఆ భవనానికీ తెలుగునేలకూ ఒక పాత లంకె ఉంది. దాన్ని 1830ల మొదట్లో కట్టించిన సర్ విలియం రంబోల్డ్, నిజాంకు అధిక వడ్డీకి అప్పులిచ్చి అపకీర్తి మూటగట్టుకున్న హైదరాబాద్‌లోని పామర్ కంపెనీ భాగస్వామి.

జబల్‌పూర్‌లో ఆట నోటిమాటగా నడిచింది. ఎవరికి తోచిన సవరణ వాళ్లు చేసుకునేవారు. ఊటీలో అలా కుదరలేదు. వేర్వేరు రెజిమెంట్ల నుంచి, జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఒకే బల్ల దగ్గర చేరినప్పుడు తగవులు తప్పవు. 1882 ప్రాంతంలో చాంబర్లేన్ నియమాలు రాసి బిలియర్డ్స్ గదిలో గోడకు పెట్టించారు. సరదా కాలక్షేపం ఆటగా మారింది అక్కడే. గోడ మీద నియమాలు రాసి ఉంటే ఆట ఇక రాసినవాడిది కాదు, చదివిన ప్రతివాడిదీ.

ప్రతివాడు అంటే క్లబ్బు లోపలికి రాగలిగిన ప్రతివాడు. ఆ గదిలో భారతీయులూ ఉండేవారు. కానీ వాళ్లు మార్కర్లు. పాయింట్లు లెక్కపెట్టడం, జేబుల్లోంచి బంతులు తీసి పెట్టడం, దీపాలు చూసుకోవడం వాళ్ల పని. ఆట నియమాలు ఎవరికన్నా బాగా తెలిసినవాళ్లు వాళ్లే అయినా, సభ్యుల పట్టికలో వాళ్ల పేర్లు ఉండవు. ఆట పుట్టుక కథలో కూడా వాళ్ల పేర్లు లేవు.

1885లో ఇంగ్లండ్ బిలియర్డ్స్ దిగ్గజం జాన్ రాబర్ట్స్ జూనియర్ పర్యటన కోసం కలకత్తా వచ్చారు. ఈయనకూ జనరల్ రాబర్ట్స్‌కూ సంబంధం లేదు. కూచ్‌బెహార్ మహారాజుతో కలిసి భోజనం చేస్తున్న వేళ ఆయన చాంబర్లేన్‌ను కలిసి, ఈ కొత్త ఆట ఏమిటని అడిగి తెలుసుకున్నారు. ఆట ఇంగ్లండ్‌కు చేరిన దారుల్లో అది ముఖ్యమైనదని చెబుతారు. 1900లో అక్కడి బిలియర్డ్స్ సంఘం స్నూకర్‌కు అధికారిక నియమాలు ప్రకటించింది. అందులో చాంబర్లేన్ ప్రమేయం ఏమీ లేదు. అప్పటికి ఆయన జీవితం వేరే బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

డబ్లిన్‌లో తప్పిన గురి

ఊటీ తర్వాత ఆయన బర్మా యుద్ధానికి వెళ్లారు. 1890ల్లో కశ్మీర్ సంస్థానంలో సైనిక కార్యదర్శిగా అక్కడి సేనలను పునర్వ్యవస్థీకరించే పనిలో ఉన్నారు. కొంతకాలం ఖైబర్ దళాన్ని నడిపారు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు రాబర్ట్స్ ఆయన్ను ఆంతరంగిక కార్యదర్శిగా వెంట తీసుకెళ్లారు.

1900లో ఆయన రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీకి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. ఆ దళం పేరు మనకు కొత్తగా అనిపించవచ్చు, దాని నీడ మాత్రం పాతదే. తుపాకులు పట్టి, ప్రజలకు కాక ప్రభుత్వానికి జవాబుదారీగా ఉండే ఐర్లండ్ పోలీసు పద్ధతిని నమూనాగా తీసుకునే 1840ల్లో చార్లెస్ నేపియర్ సింధులో పోలీసు దళాన్ని నిర్మించారు. బ్రిటిష్ ఇండియా పోలీసు వ్యవస్థ మీద ఆ ముద్ర పడింది. ఐర్లండ్ నుంచి పద్ధతి ఇండియాకు వచ్చింది, ఇండియా నుంచి అధికారి ఐర్లండ్‌కు వెళ్లారు. సామ్రాజ్యం తన పనిముట్లను అలా ఒక చోట నుంచి మరో చోటికి తిప్పుకునేది.

పదహారేళ్లు ఆయన ఆ కుర్చీలో ఉన్నారు. స్వతంత్ర ఐర్లండ్ కోసం సాయుధ దళాలు కవాతులు చేస్తున్న రోజులవి. ఐరిష్ వాలంటీర్లు తిరుగుబాటుకు సిద్ధమవుతున్నారని ఆయన తన నివేదికల్లో ప్రభుత్వాన్ని హెచ్చరించారు. అయితే 1916 ఏప్రిల్‌లో, ఆయుధాలు తీరానికి చేరబోతున్నాయనీ, ఈస్టర్ నాటికి తిరుగుబాటు లేవబోతుందనీ కబురు వచ్చినప్పుడు దాన్ని గట్టిగా నమ్మలేకపోయారు. ఆయన పైఅధికారి మాథ్యూ నాథన్ కూడా అంతే. ఏప్రిల్ 24న డబ్లిన్ నడిబొడ్డున తిరుగుబాటు జెండా ఎగిరింది. ఆరు రోజులు పోరు సాగింది. ఫిరంగి దెబ్బలకు నగరం మధ్యభాగం శిథిలమైంది.

ఎవరి తప్పో తేల్చడానికి వేసిన రాయల్ కమిషన్‌కు అధ్యక్షుడు హార్డింజ్ ప్రభువు. అప్పుడే ఇండియా వైస్రాయ్ పదవి నుంచి దిగి వెళ్లిన మనిషి. కమిషన్ పోలీసు అధిపతిని తప్పుపట్టలేదు, రాజకీయ నాయకత్వం కళ్లు మూసుకుందని తేల్చింది. అయినా చాంబర్లేన్ రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. అరవయ్యేళ్ల వయసులో ఉద్యోగ జీవితం అలా ముగిసింది. ఆయన ఆజ్ఞలు అమలు చేసిన ఆ దళాన్ని కూడా 1922లో రద్దు చేశారు.

ఎనభై రెండేళ్లకు ఒక ఉత్తరం

ఈలోగా స్నూకర్ పెద్దదైంది. 1927లో మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది, జో డేవిస్ గెలిచారు. 1930ల నాటికి ఇంగ్లండ్‌లో స్నూకర్ బిలియర్డ్స్‌ను వెనక్కి నెట్టేసింది. ఈ ఆట ఎక్కడిదన్న చర్చ పత్రికల్లో మొదలైంది. వూలిచ్ అకాడమీలోనే పుట్టిందని కొందరు, మరోచోట అని మరికొందరు రాశారు.

అప్పుడు చాంబర్లేన్ నోరు విప్పారు. 1938 మార్చిలో ద ఫీల్డ్ పత్రికకు ఉత్తరం రాసి, 1875లో జబల్‌పూర్‌లో ఆట ఎలా మొదలైందో, పేరు ఎలా వచ్చిందో వివరించారు. అప్పటికి ఆయన వయసు 82. ఆయన పేరుగల ప్రధాని వార్తల్లో నిండిపోయి ఉన్న ఏడాది అది. ఇండియాలో పనిచేసిన పాత అధికారులు కొందరు ఆయన మాటకు సాక్ష్యం పలికారు. మరుసటి ఏడాది రచయిత కాంప్టన్ మెకంజీ ఒక బిలియర్డ్స్ పత్రికలో ఈ కథను సమర్థిస్తూ వ్యాసం రాశారు. అప్పటి నుంచి అదే అంగీకృత చరిత్ర అయింది.

ఆ చరిత్ర ప్రధానంగా ఒక ముసలాయన జ్ఞాపకం మీద, ఆయన తోటివారి సాక్ష్యం మీద నిలబడిందన్నది మరిచిపోకూడదు. పాత ఆటలను కలిపి కొత్తది చేయడం ఒక్క చోటే, ఒక్క రోజే జరిగిందనుకోవడం కష్టం. కానీ ఆటకు గోడ మీద నియమాలు, నాలుక మీద పేరు ఇచ్చినవాడు ఎవరన్న ప్రశ్నకు చాంబర్లేన్‌కు దీటైన మరో జవాబు ఇంతవరకు నిలవలేదు. 1944 మే 28న ఇంగ్లండ్‌లోని ఆస్కాట్‌లో ఆయన కన్నుమూశారు. ఆట ద్వారా ఆయన పైసా సంపాదించలేదు, అడగనూ లేదు.

మార్కర్ల చేతి నుంచి విజేతల చేతికి

ఆయన పోయిన మూడేళ్లకు ఇండియా స్వతంత్ర దేశమైంది. క్లబ్బుల తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. బల్లలు ఊళ్లలోని పార్లర్లకు వచ్చాయి. దంతపు బంతుల చోటును కృత్రిమ పదార్థాల బంతులు ఆక్రమించి ఖర్చు తగ్గించాయి. 1958లో కలకత్తాలో పుణె బిడ్డ విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ కిరీటం గెలిచి, ఏ ఆటలోనైనా వ్యక్తిగత ప్రపంచ టైటిల్ సాధించిన మొదటి భారతీయుడిగా నిలిచారు. 1973లో శ్రీలంకకు చెందిన లఫీర్ అదే కిరీటం అందుకున్నారు. 1994లో పాకిస్తాన్‌కు చెందిన మహమ్మద్ యూసుఫ్ ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ విజేత అయ్యారు. 2003లో పంకజ్ అద్వానీ ఆ టైటిల్‌ను మన దేశానికి తెచ్చారు.

అద్వానీకి ముందు ఆ టైటిల్ తొలిసారి మన దేశానికి తెచ్చింది ఓం అగ్రవాల్. అది 1984లో. పోటీ జరిగిన ఊరు డబ్లిన్. చాంబర్లేన్ రాజీనామా ఇచ్చి తలదించుకుని వెళ్లిపోయిన నగరం అది. అప్పటికి అది ఒక స్వతంత్ర దేశపు రాజధాని. గెలిచినవాడు మరో స్వతంత్ర దేశపు పౌరుడు. ఇద్దరినీ ఒకప్పుడు అదుపులో పెట్టిన దొర రాసిన నియమాలతోనే ఆ ఆట జరిగింది. గోడకు అంటించిన కాగితంలో ఎర్ర బంతికి ఒకటి, నల్ల బంతికి ఏడు అని లెక్క ఉంటుంది. కర్ర ఎవరి చేతిలో ఉండాలో మాత్రం అందులో రాయరు.